రంగును కాదు, ముక్కును చూడండి: తేనెపిట్టల విశేషాలు

పెరట్లో మందారం మీద బెత్తెడు పిట్ట ఒకటి వాలుతుంది. పువ్వులో ముక్కు దూర్చి, కళ్లు మూసి తెరిచేలోగా పక్క కొమ్మకు పోతుంది. దాన్ని ఫోన్లో బంధించి ‘మా ఇంటికి హమ్మింగ్‌బర్డ్ వచ్చింది’ అని సంబరంగా పంచుకునేవారు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లోనూ వాటి చుట్టుపక్కల దీవుల్లోనూ తప్ప ఇంకెక్కడా అడవిలో బతకవు. మందారం మీద వాలింది తేనెపిట్ట. ఇంగ్లిషులో సన్‌బర్డ్ అంటారు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా ఉత్తరపు అంచుదాకా ఉష్ణమండలమంతా పరచుకున్న పెద్ద కుటుంబం దీనిది. జాతులు నూట నలభైకి పైనే. అడవి పక్షే అయినా, వాటిలో కొన్ని మన వాకిటిదాకా వచ్చి ఇక్కడే ఉండిపోయాయి.

చుట్టరికం లేని పోలిక

హమ్మింగ్‌బర్డ్‌కూ తేనెపిట్టకూ దగ్గరి బంధుత్వం ఏమీ లేదు. హమ్మింగ్‌బర్డ్‌కు దగ్గరి చుట్టాలు గాలిలోనే రోజంతా గడిపే స్విఫ్ట్ పక్షులు. తేనెపిట్ట పిచ్చుక, కాకి, బుల్‌బుల్ ఉండే పెద్ద వర్గానికి చెందింది. ఇద్దరికీ పువ్వులోని తేనే ఆధారం కాబట్టి సన్నటి పొడుగు ముక్కు, చాపితే బయటికి సాగే నాలుక, చిన్న ఒళ్లు, మెరిసే ఈకలు వేరువేరు దారుల్లో ఇద్దరికీ వచ్చాయి. ఆస్ట్రేలియాలోని హనీఈటర్లది కూడా ఇదే కథ.

వాటిని విడదీసి గుర్తుపట్టే మొదటి గుర్తు ఆహారం తీసుకునే తీరు. హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. తేనెపిట్ట మామూలుగా కొమ్మనో పూరేకునో కాళ్లతో పట్టుకుని, ఒక్కోసారి తలకిందులుగా వేలాడి తాగుతుంది. వాలడానికి చోటు దొరక్కపోతే అదీ కాసేపు రెక్కలాడిస్తూ గాలిలో నిలవగలదు. దక్షిణాఫ్రికాలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి అక్కడ పాతుకుపోయిన ఒక పొగాకు జాతి చెట్టుకు సొంత ఊళ్లో హమ్మింగ్‌బర్డ్‌లే పుప్పొడి మోసేవి. కొత్త దేశంలో ఆ పని మాలకైట్ తేనెపిట్ట అందుకుంది. ఆ పూల దగ్గర వాలే వీలులేదు కాబట్టి గాలిలో నిలబడి తాగుతుంది.

ఇంకో సంగతి: 2004లో జర్మనీ శిలాజాల్లో దాదాపు మూడు కోట్ల ఏళ్లనాటి హమ్మింగ్‌బర్డ్ బయటపడిందని గెరాల్డ్ మైర్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. అంటే ఒకప్పుడు ఈ వైపు ఖండాల్లోనూ అవి ఎగిరాయి. ఇప్పుడు లేవు.

తళుకు ఈకది కాదు, వెలుగుది

ఎండలో మగ తేనెపిట్ట మెడ ఊదాగా, తల ఆకుపచ్చగా, భుజం నీలంగా మెరుస్తుంది. అదే పిట్ట చెట్టు నీడలోకి జరిగితే ఉత్త నలుపు. కారణం ఏమిటంటే, ఆ ఈకల్లో నీలం, ఆకుపచ్చ రంగు పదార్థాలు లేవు. ఈక పోగుల్లో మెలనిన్ రేణువులు కెరటిన్ పొరల మధ్య వరసలుగా పేర్చి ఉంటాయి. ఆ పొరలకు తగిలి తిరిగొచ్చే వెలుగు కోణాన్ని బట్టి ఒక్కో రంగు బలపడుతుంది. కోణం మారితే రంగు మారుతుంది, కోణం తప్పితే రంగే ఉండదు.

కొత్తగా పక్షులు చూడటం మొదలుపెట్టినవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. తేనెపిట్టను దాని మెరుపు చూసి గుర్తుపట్టాలనుకోకండి. ముందు ముక్కు, తర్వాత పొట్ట, తర్వాత గొంతు. ఈ మూడూ ఏ వెలుగులోనైనా అబద్ధం చెప్పవు.

మన దగ్గర ముగ్గురు

ఆంధ్ర, తెలంగాణల్లో మామూలుగా కనబడే తేనెపిట్టలు మూడు జాతులు. పుస్తకాల్లో వెతుక్కోవడానికి వీలుగా వాటి ఇంగ్లిషు పేర్లు కూడా చెబుతాను: పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్, పర్పుల్ సన్‌బర్డ్, లోటెన్స్ సన్‌బర్డ్. మొదటి రెండూ పట్టుమని పది సెంటీమీటర్ల పొడవుండవు, పది గ్రాములు తూగడం కూడా అరుదు.

పొట్ట పసుప్పచ్చగా ఉండి, దాని పైన రొమ్ముకు అడ్డంగా ముదురు ఎరుపు పట్టీ ఉంటే అది పర్పుల్ రంప్డ్ మగది. వీపు కూడా ముదురు ఎరుపే. భుజం మీద చిన్న ఆకుపచ్చ మచ్చ మెరుస్తుంది. పేరులో ఉన్న ఊదా రంగు మటుకు నడుము మీద రెక్కల కింద దాగి ఉంటుంది. పిట్ట రెక్క విప్పినప్పుడే కనబడుతుంది. అందువల్ల దాని కోసం వెతుకుతూ కూర్చోనక్కరలేదు, పసుపు పొట్ట చాలు.

పిట్ట ఒళ్లంతా నల్లగా కనిపిస్తే రెండు జాతుల్లో ఏదో ఒకటి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ముక్కు తల పొడవుకు కాస్త మించి, కొద్దిగా వంగి ఉండి, పొట్ట కూడా నీలి నలుపే అయితే పర్పుల్. ముక్కు మరీ పొడుగ్గా, కొడవలిలా కొట్టొచ్చినట్టు వంగి ఉండి, పొట్ట మసి పట్టిన గోధుమ రంగులో ఉంటే లోటెన్. లోటెన్ రొమ్ము మీద ముదురు ఎర్ర పట్టీ స్పష్టంగా ఉంటుంది. పర్పుల్‌కూ సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది కాని, చాలాసార్లు కంటికి ఆనదు. ఫొటో తీసినా, పిట్ట పక్కకు తిరిగినప్పటి ఫొటోనే దాచుకోండి. ముక్కు వంపు ఎదురుగా తీసిన ఫొటోలో తేలదు.

ఆడపక్షుల విషయంలో కొంచెం ఓపిక కావాలి. మూడింటికీ తళుకు లేదు. పైన మట్టి ఆకుపచ్చ, కింద పసుపు. గొంతు చూడండి. గొంతు బూడిద తెలుపై, పసుపు రొమ్ము దగ్గర మొదలైతే పర్పుల్ రంప్డ్ ఆడది. గొంతు నుంచే పసుపు మొదలైతే పర్పుల్ ఆడది. దాని కంటి పైన లేత గీత కూడా ఉంటుంది. లోటెన్ ఆడదానికి ఆ గీత తేలికగా కనబడదు. ముక్కు పొడవే దాన్ని పట్టిస్తుంది.

ఇవేవీ కుదరని పిట్ట కూడా ఒకటి ఎదురవుతుంది. ఆడపక్షిలా పసుపు ఒళ్లు, గొంతు నుంచి పొట్ట మధ్యదాకా మాత్రం నిలువుగా ఒక నల్లటి చార. అది కొత్త జాతి కాదు, మగ పర్పుల్ సన్‌బర్డే. పిల్లల్ని పెంచే కాలం ముగిశాక అది మెరుపు ఈకలు రాల్చుకుని ఈ వేషం వేసుకుంటుంది. వానలు వెనకబట్టే రోజుల నుంచి చలికాలం మొదటిదాకా ఇలాంటివి ఎక్కువగా కనిపిస్తాయి. పర్పుల్ రంప్డ్ మగది ఇలా వేషం మార్చదు, ఏడాదంతా అదే రూపం.

తేనెపిట్ట అనుకుని పొరబడే పిట్టలు రెండున్నాయి. ఫ్లవర్‌పెకర్ అనే పూలపిట్ట ఇంకా చిన్నది. మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఒకటైన టికెల్స్ ఫ్లవర్‌పెకర్ మామిడితోటల్లో, ఊరి చెట్లమీద తిరుగుతుంది. దాని ముక్కు పొట్టిది. కంటి చుట్టూ తెల్లటి ఉంగరం ఉంటే వైట్‌ఐ. దానిదీ చిన్న ముక్కే, పైగా అది గుంపుగా వస్తుంది.

లోటెన్ ఎవరు?

జోన్ గిడియన్ లోటెన్ పద్దెనిమిదో శతాబ్దపు డచ్చి అధికారి. 1752 నుంచి 1757 దాకా శ్రీలంకలో డచ్చివారి గవర్నరుగా ఉన్నాడు. అక్కడి పక్షుల్ని, జంతువుల్ని పీటర్ కోర్నెలిస్ డి బెవెరె అనే చిత్రకారుడి చేత బొమ్మలు గీయించాడు. 1766లో లిన్నేయస్ ఈ పొడుగు ముక్కు పిట్టకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు లోటెన్ పేరే చేర్చాడు. మన పెరటి పర్పుల్ రంప్డ్‌కు కూడా లిన్నేయస్ 1766లోనే పేరు పెట్టాడు. అది సింహళం పేరుతో ‘జెలోనికా’ అయింది.

మోదుగకు దిక్కు ఈ పిట్టే

తేనెపిట్ట తేనె తాగి పోవడమే మనం చూస్తాం. చెట్టు వైపు నుంచి చూస్తే కథ వేరే. మోదుగ పూసే రోజుల్లో మైనాలు, కాకులు, బుల్‌బుళ్లు అన్నీ ఆ చెట్టు మీదే ఉంటాయి. వాటిలో ఎవరివల్ల కాయ కడుతోందో తేల్చడానికి దిల్లీలో వృక్ష శాస్త్రజ్ఞులు గమనించి 2003లో ఫలితాలు ప్రచురించారు. పూల దగ్గరికి చాలా జాతుల పక్షులు వచ్చినా, పుప్పొడిని సరిగ్గా చేరవేసిన పక్షి ఒక్క పర్పుల్ సన్‌బర్డే. దానికి తోడు మన మూడు చారల ఉడత కూడా కొంత సాయపడింది. హోలీకి మోదుగ పూల రంగు కాచుకునే ఊళ్లవాళ్లు ఆ చెట్టు మీద గిరగిరా తిరిగే నల్లపిట్టను ఈసారి కాస్త శ్రద్ధగా చూడాలి.

గుబ్బతాడ సంగతీ అంతే. కొండ వాలుల్లో పొదలా పెరిగి, కాయలు తాడులా మెలితిరిగి ఉంటాయే, అదే. దాని పువ్వు విచ్చినప్పుడు ఎర్రగా ఉండి, తర్వాత నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. తూర్పు కనుమల్లో ఈ మొక్క మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్ష శాస్త్రజ్ఞులు పనిచేశారు. దీని పుప్పొడి మోసేవాటిలో తేనెపిట్టలు ముఖ్యమైనవి.

మామిడి కొమ్మల్ని పీల్చే బదనికను రైతులు తిట్టుకుంటారు, న్యాయమే. దాని పూలు మటుకు తేనెపిట్టలకు విందు. బదనిక కుటుంబంలో కొన్ని జాతుల మొగ్గలు తమంతట తాము విచ్చుకోవు. పిట్ట ముక్కుతో నొక్కితేనే విచ్చుకుని పుప్పొడి దాని తలమీద పడుతుంది. నీలగిరుల్లో ప్రియా దావిదార్ 1980ల్లో ఈ బంధాన్ని వివరంగా పరిశీలించారు. పువ్వు దగ్గర తేనెపిట్ట చేసే మేలును పండు దగ్గర ఫ్లవర్‌పెకర్ పూర్తిచేస్తుంది. జిగురు గింజను ఇంకో కొమ్మకు అంటించి పోతుంది.

తేనెపిట్ట అన్నిసార్లూ న్యాయంగా తాగదు. మందారం లాంటి పెద్ద పువ్వుల్లో తేనె లోతుగా ఉంటే, పువ్వు మొదట్లో ముక్కుతో చిన్న గాటు పెట్టి అక్కడి నుంచే తాగేస్తుంది. పుప్పొడి అంటదు, చెట్టుకు లాభం లేదు. మందార పూల తొడిమ దగ్గర సన్నటి చీలిక కనిపిస్తే చాలావరకు ఈ పిట్టల పనే.

సలీం అలీ 1932లోనే భారతదేశపు పూల పక్షులూ పక్షుల పూలూ అనే అంశం మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. అదే రోజుల్లో ఆయన నిజాం రాజ్యంలో ఊరూరూ తిరిగి హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వే కూడా చేశారు. ఆ సర్వే 1933, 34 సంవత్సరాల్లో అచ్చయింది. మన ప్రాంతపు పక్షుల మీద ఆసక్తి ఉన్నవారు వెతికి చదవదగ్గ పని అది.

పదహారు వందల పూల జాగీరు

ఇది కెన్యా కథ, మన రోడ్డు పక్క మొక్క కథ కూడా. గోల్డెన్ వింగ్డ్ అనే ఆఫ్రికా తేనెపిట్ట, రణభేరి పూల గుంపును తన సొంతం చేసుకుని ఇతర పిట్టల్ని తరిమేస్తుంది. ఫ్రాంక్ గిల్, లారీ వుల్ఫ్ ఆ జాగాలు కొలిచి 1975లో ప్రచురించారు. ఒక్కో పిట్ట కాపలా కాసే నేల వైశాల్యం ఎంత మారినా, అందులో పూల సంఖ్య మాత్రం దాదాపు పదహారు వందల దగ్గరే తేలింది. ఒక పిట్ట రోజు గడవడానికి కావలసినంత అన్నమాట. ఎవరూ దోచుకోని పువ్వులో తేనె నిండుగా ఊరుతుంది, తక్కువ పూలు తిరిగితే చాలు, మిగిలిన సమయం కూర్చోవచ్చు. తరమడానికి పెట్టే శ్రమ కంటే ఈ ఆదా ఎక్కువైనప్పుడే పిట్ట కాపలా కాస్తుంది. పక్షుల ప్రవర్తనను లెక్కలతో వివరించిన తొలి మంచి ఉదాహరణల్లో ఇదొకటి, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఆఫ్రికా మొక్కైన రణభేరి ఎప్పుడో మన దేశానికి చేరి, బీళ్లలో, రోడ్ల వెంట గుండ్రటి ముళ్ల బంతులు దొంతరలుగా పేర్చినట్టు పెరుగుతోంది. నారింజ రంగు పూలు విచ్చినప్పుడు ఆగి చూడండి. మన తేనెపిట్టలు కూడా వస్తాయి.

కొమ్మ లేకపోతే చెట్టే కొమ్మ ఇస్తుంది

దక్షిణాఫ్రికాలో బబియానా రింజెన్స్ అనే మొక్క ఎర్రటి పూలను నేలకు ఆనించి పూస్తుంది. ఆ పూల పైకి ఒక పువ్వూ లేని బోడి కాడ నిలబడుతుంది. అది తేనెపిట్ట వాలడానికే. పిట్ట దాని మీద కూర్చుని తలకిందులుగా వంగి తాగుతుంది. పరిశోధకులు ఆ కాడను కోసేసి చూస్తే మొక్కకు విత్తనాలు బాగా తగ్గాయి. ఈ ఫలితం 2005లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

సాలీడు దారం, అరటాకు కింద ఇల్లు

తేనెపిట్టల కుటుంబానికే చెందిన ఇంకో పెద్ద ముక్కు పిట్ట లిటిల్ స్పైడర్‌హంటర్. సాలీళ్లను పట్టి తినే పిట్ట కాబట్టి ఆ పేరు. పడమటి కనుమల్లోనూ, ఒడిశాకు ఆనుకున్న మన తూర్పు కనుమల తడి అడవుల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల నుంచి బోర్నియో దాకానూ ఉంటుంది. అసలైన అడవి తేనెపిట్టను చూడాలనుకుంటే దీన్నే వెతకాలి.

పోల్చుకోవడం కష్టం కాదు. మామూలు తేనెపిట్ట కంటే బాగా పెద్దది. ముక్కు తల కంటే రెండింతలు పొడవు, కిందికి వంగి లావుగా ఉంటుంది. పైన ఆకుపచ్చ, గొంతు బూడిద, పొట్ట పసుపు, తోక చివర్ల తెలుపు. మగా ఆడా దాదాపు ఒకేలా ఉంటాయి. కొండ అరటి పువ్వు దొప్ప మీద వేలాడుతూ తాగుతుంటే కనబడుతుంది. అంతకు ముందే కర్కశంగా ‘చిక్ చిక్’ అంటూ దూసుకుపోవడం వినబడుతుంది.

దాని గూడు ఇంకా ఆశ్చర్యం. అరటి వంటి వెడల్పాటి ఆకు అడుగున గూడు ఆనించి, సాలెగూటి దారాలను ఆకులోంచి పైకి గుచ్చి ముడులుగా బిగిస్తుంది. ఆకు పైవైపు చూస్తే చిన్న తెల్లటి ముడులు మాత్రమే కనబడతాయి. వాన పడదు, పాము కంటపడదు. స్పైడర్‌హంటర్లలో మగా ఆడా ఇద్దరూ గుడ్లు పొదుగుతాయి. మామూలు తేనెపిట్టల్లో పొదగడం ఆడదాని పనే.

మన పెరటి తేనెపిట్టకు కూడా సాలెగూడే సిమెంటు. ఆడపిట్ట ఒక్కతే వారం పది రోజులు శ్రమపడి సంచిలాంటి గూడు కడుతుంది. గుమ్మానికి పైన చిన్న చూరు దించుతుంది. బయట బెరడు ముక్కలు, ఎండుటాకులు, గొంగళిపురుగు రెట్టలు అతికిస్తుంది. దూరం నుంచి చూస్తే కొమ్మకు చిక్కుకున్న చెత్తే అనుకుంటాం. అందుకే చాలామంది తెలియక దాన్ని లాగి పారేస్తారు. గూడు మనుషుల అలికిడికి దగ్గరగా, బట్టల తీగకో కరెంటు వైరుకో కూడా కడుతుంది.

పిల్లలకు పెట్టేది తేనె కాదు. తేనెలో చక్కెర ఉంటుంది కాని మాంసకృత్తులు దాదాపు లేవు. పెరిగే పిల్లకు చిన్న సాలీళ్లూ పురుగులూ కావాలి. వాటిని తల్లీ తండ్రీ ఇద్దరూ మోసుకొస్తారు.

సింగపూర్‌లో గౌరవం

ఎర్రటి తల, ఎర్రటి రొమ్ము ఉన్న క్రిమ్సన్ సన్‌బర్డ్‌ను సింగపూర్ ప్రకృతి ప్రేమికులు తమ దేశపు పక్షిగా ఎన్నుకున్నారు. ప్రభుత్వ ముద్ర లేకున్నా అక్కడ అందరూ అలాగే చెప్పుకుంటారు. దానికి 1822లో శాస్త్రీయ నామం పెట్టింది సింగపూర్ నగరానికి పునాది వేసిన స్టామ్‌ఫర్డ్ రాఫిల్స్. అక్కడున్న తెలుగువారు పార్కుల్లో తేలికగా చూడొచ్చు. పడమటి కనుమల్లో దీనికి చుట్టమైన విగర్స్ సన్‌బర్డ్, మరీ చిన్నదైన క్రిమ్సన్ బ్యాక్డ్ సన్‌బర్డ్ ఉన్నాయి. ఈ రెండూ ఆ కనుమలు వదిలి ఎక్కడా ఉండవు.

అద్దంలో శత్రువు

పిల్లలు పెంచే కాలంలో మగ పర్పుల్ సన్‌బర్డ్ కారు అద్దంలోనూ కిటికీ గాజులోనూ తన నీడను చూసి ఇంకో మగపిట్ట అనుకుని గంటల తరబడి పొడుస్తుంది. ముక్కుకు దెబ్బ తగలొచ్చు, పిట్ట అలిసిపోతుంది. కారు అద్దాలకు గుడ్డ సంచి తొడగండి, కిటికీకి బయటివైపు కాగితం అంటించండి. ఆ కాలం దాటగానే పోరు మానేస్తుంది.

మీ ఇంట్లో చేయదగ్గవి

చక్కెర నీళ్ల గిన్నెలు పెట్టక్కరలేదు. ఒక మందారం, ఒక నూరువరహాల మొక్క, చోటుంటే ఊరి చివర ఒక మోదుగ చాలు. పురుగు మందు కొట్టిన పెరట్లో తేనె దొరకొచ్చు కాని, పిల్లలకు సాలీళ్లు దొరకవు. కాబట్టి ఇంట్లో బూజు దులిపినా, పెరటి మూల సాలెగూళ్లు కొన్ని వదిలేయండి. వచ్చే గూటికి అదే దారం. గూళ్లు తెంపడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

గుడ్లు పెట్టిన రోజు నుంచి పిల్లలు గూడు వదిలి ఎగిరేదాకా ఇంచుమించు ఒక నెల పడుతుంది. మీ కొమ్మకో తీగకో చెత్తలాంటి సంచి వేలాడుతూ, దాని గుమ్మంలోంచి వంగిన ముక్కు ఒకటి బయటికి కనబడితే, ఆ నెల ఆ కొమ్మ కత్తిరించకండి, ఆ తీగ మీద బట్టలు ఆరేయకండి, ఫొటో కోసం దగ్గరికి పోకండి.